అయిదు కింద నాలుగు చుక్కలు

“ఆవిడకి భయపడి వచ్చేశానని ఎవడన్నాడు? వాణ్ణిలా నా ముందుకొచ్చి అనమను!” అన్నాడు మరుదుత్, కల్లు గ్లాసు ఠక్కున బల్లమీద పెట్టి.

ఎవడూ అనలేదు. అనుకున్నవాళ్ళు మాత్రం నలుగురున్నారు. ఆ నలుగురూ సొందాంగక్క కల్లు కొట్లో అదే బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు.

లుంబన్ దోలోక్ చర్చి క్వయర్లో మంద్రం వరసంటే ఈ అయిదుగురే. ఎల్లుండి క్రిస్మస్ కచేరీ. తోబా సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ పడవలెక్కి వినడానికొస్తాయి. మొన్న ప్రాక్టీసులో, పాట నడిపించే రొస్మావులి టీచర్ చెయ్యాపి, “మంద్రం వరస మొత్తం పాడైపోతోంది. ఇంత మాత్రానికి రావడమెందుకు?” అంది. అంతే. మరుదుత్ లేచి కండువా దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వెనకే మిగతా నలుగురూ నడిచారు. నిన్న ఒక్కడూ అటు తొంగిచూడలేదు. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఆఖరి ప్రాక్టీసు. దానికీ రాకపోతే మంద్రం లేకుండానే పాడేస్తామని చర్చి పెద్దలు కబురంపారు. పునాది తీసేసి గోడలు నిలబెడతామన్నట్టుంది, కానీ చేసేదేముంది.

వెళ్ళాలా, మానాలా? నలుగురూ మరుదుత్ మొహం చూస్తున్నారు. మరుదుత్ కథ మొదలెట్టాడు.

“నేనేమంత గొప్ప పాటగాణ్ణి కాను, బావా. ఉన్నమాట చెప్పుకోవాలి. ఏదో దేవుడు పెట్టిన గొంతు. మా పిల్ల రుమొందాంగ్ అప్పుడు ఉయ్యాల్లో ఉంది. అవతలి ఒడ్డు ఊళ్ళో క్రిస్మస్ దగ్గర పడిందనగా వాళ్ళ మంద్రం మనిషి కల్లు గియ్యడానికి చెట్టెక్కి జారి పడ్డాడు. కాలు విరిగింది. అప్పుడు పడవ కట్టించుకొచ్చి నా కాళ్ళావేళ్ళా పడ్డారు.”

“కాలు విరిగితే గొంతుకేమైంది, బావా?” అన్నాడు టోగర్. ఆ వరసలో నోరున్నవాడు వీడొక్కడే.

“ఆ నొప్పికి మూలిగీ మూలిగీ గొంతు పైకెక్కి కూర్చుంది. టెనరైపోయాడు. కట్టు కట్టేవాడు కాలు అతికించగలిగాడు గానీ గొంతు దింపలేకపోయాడు. నువ్వు మధ్యలో అడ్డం రాకు. సరే, వెళ్ళాను. వాళ్ళ పాట నడిపించేది ఒక తెల్లగడ్డం ముసలాయన. నన్ను ఎగాదిగా చూసి, ‘ఏదీ, అయిదు కింద చుక్క పలుకు’ అన్నాడు.”

ఆ సీమలో క్వయర్ కాగితాల మీద స్వరాలన్నీ అంకెలే. అంకె కింద చుక్క పెడితే గొంతు ఓ అంతస్తు దిగాలి. అయిదు కింద చుక్క అంటే మగాళ్ళలో మంద్రం వాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి అందని లోతు.

“పలికావా?” అన్నాడు బిన్సర్ మామ. వరసలో పెద్దాయన, చెవి కాస్త మందం, నమ్మకం మహా ఎక్కువ.

“పలక్కేం, మామా! ఊరికే అలా వదిలాను. గట్టిగా కూడా కాదు, పక్కవాడికి దారి చెప్పినట్టు చెప్పాను. బల్లమీద దీపం చిమ్నీ ‘ణంగ్’ మంది.”

“మా ఇంట్లో పిల్లి తుమ్మినా అంటుంది,” అన్నాడు టోగర్.

“మీ పిల్లిని క్వయర్లో చేర్పించు. ఆ చిమ్నీ అలా మోగుతూనే ఉంది. ముసలాయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కాగితం లాక్కుని అయిదు కింద ఇంకో చుక్క పెట్టాడు. రెండు చుక్కలు! ‘ఇది మా తాతల కాలంలో ఒకాయన పలికాడట, ఆయన పోయాక పాటలోంచే తీసేశారు’ అన్నాడు. సరేలే, పెద్దాయన ముచ్చట తీర్చుదామని దిగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?”

“చర్చి బల్లలన్నీ వాటంతటవే సర్దుకుని వరసగా నిలబడ్డాయి. పాస్టరుగారి కట్టుడు పళ్ళు ఆయన నోట్లోనే ఆడవాళ్ళ వరస అందుకున్నాయి. ఆయన రెండు చేతులతో నోరు మూసుకుని బయటికి పరిగెత్తాడు. నేనూ వెళ్ళి చూద్దును కదా, ఊళ్ళో ఇళ్ళ కింద కట్టేసిన పందులు ఒక్కటి మిగలకుండా కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నాయి!”

సొందాంగక్క వంటింటి గుమ్మంలోంచి తల బయట పెట్టింది. చేతిలో అరటి బజ్జీల గరిటె. “క్రిస్మస్‌కి వాటిని కొయ్యడానికి వాళ్ళకి చేతులెలా వచ్చాయి, తమ్ముడూ?”

“రాలేదక్కా. ఆ ఏడు ఆ ఊరంతా వంకాయ తిన్నారు.”

నవ్వులు. అవి ఇంకా ఆగకముందే బయట వానలో ఒక గొడుగు ముడుచుకుంది. రొస్మావులి టీచర్ కొట్టు అరుగెక్కింది. లోపలికి రాలేదు. అరుగు మీది బెంచీ చివర్న, లోపలికి వీపు పెట్టి కూర్చుని, “అక్కా, కాఫీ,” అంది.

బల్ల దగ్గర నవ్వు టక్కున ఆగిపోయింది.

రొస్మావులి మరుదుత్‌కి బావమరిది భార్య. ఆ సరస్సు చుట్టూ ఉండే బటక్ వాళ్ళలో మగాడు బావమరిది భార్యతో ఎదురుపడి మాట్లాడకూడదు, ఆవిడా మాట్లాడకూడదు. పేరు పలక్కూడదు, ఒకే బెంచీ మీద కూర్చోకూడదు. అంత అవసరమైతే మధ్యలో మూడో మనిషుండాలి, మనిషి దొరక్కపోతే తలుపుకో గోడకో చెప్పుకోవాలి. క్వయర్లో కూడా ఆవిడ చేతులూపుతుంటే మరుదుత్ ఓ పొడుగు మనిషి వెనక నిలబడి, ఆ మనిషి చెవి పక్కనుంచి వేళ్ళు మాత్రం చూసి పాడతాడు.

ఇంకొకడైతే కథ ఆపేసేవాడు. మరుదుత్‌కి మాత్రం వెన్నులో కొత్త బలం వచ్చింది. ఆవిడ వింటుంది, కాదనడానికి వీల్లేదు. అబద్ధం చెప్పేవాడికి ఇంతకన్నా మంచి శ్రోత లోకంలో ఉంటుందా? గొంతు పెంచాడు.

“చేతులాడించేవాళ్ళు ఎంతమంది లేరు, మామా! క్వయర్‌ని తయారు చెయ్యడమంటే ఏమిటో నేను అక్కడ చూపించాను. ముసలాయన నా చెయ్యి పట్టుకుని, ‘బాబూ, మా వాళ్ళకీ కాస్త నేర్పు’ అన్నాడు. మనుషులా? ఒకడు పాడితే మేక, ఇంకొకడు పాడితే తలుపు కీలు. అందర్నీ సరస్సులోకి దింపాను.”

“సరస్సులోకా?”

“మెడ లోతు నీళ్ళలోకి! ఆడవాళ్ళు ఒడ్డున, టెనర్లు నడుంలోతులో, మంద్రం వాళ్ళు గడ్డం దాకా. చల్లటి నీళ్ళలో గొంతు అదే దిగుతుంది. కప్పలు ఊరుకుంటాయా? పై వరస అవి పట్టుకున్నాయి. ఒక్కటీ తాళం తప్పలేదు. మన ఊళ్ళో మనుషులే తప్పుతారు గానీ…”

ఇది అంటూ అరుగు వైపు ఓ చూపు విసిరాడు. ఆవిడ వీపు కదల్లేదు. కాఫీ ఊదుకుంటోంది.

“అలా అలా కచేరీ రోజొచ్చింది. జనం! పడవలకి చోటు చాలక ఒకదాని మీద ఒకటి కట్టారు. పాట సగానికొచ్చింది. ఆ పాటలో గొర్రెల కాపరులు కొండమీద చలిలో పడుకుని ఉన్నారు, చీకటి, ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఆపేస్తారు, అప్పుడు మంద్రం ఒక్కటే దిగాలి. కాగితం చూశాను. ముసలాయన నాకు చెప్పకుండా మూడో చుక్క పెట్టేశాడు!”

“దుర్మార్గుడు,” అన్నాడు బిన్సర్ మామ, నిజంగానే కోపం వచ్చి.

“దిగాను, మామా. మెట్టు మెట్టుగా, బావిలోకి దిగినట్టు దిగాను. మూడో చుక్క దగ్గర కాలు ఆనింది. సరస్సు గగుర్పొడిచింది. ఎక్కడో నడి నీళ్ళలో వెళ్తున్న పెద్ద పడవ, ఇదేదో తనకన్నా పెద్ద పడవ హారను అనుకుని పక్కకి తప్పుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బంగారుతీగ చేపలు పైకొచ్చాయి! ఒక్కోటీ ఇంత! నోళ్ళు తెరుచుకుని, పెద్దవి వెనకా చిన్నవి ముందూ, క్వయర్ నిలబడ్డట్టు నిలబడ్డాయి.”

“పాడాయా?” అన్నాడు టోగర్.

“చేపలు పాడతాయేమిట్రా, మతి ఉందా? నేను నిజం తప్ప చెప్పను. పాడలేదు. నోళ్ళు ఆడించాయంతే.”

“అయితే మన వరసలో వాళ్ళే,” అని టోగర్ గొణిగాడు. ఆ మాట మరుదుత్ వినిపించుకోలేదు. బయట కాఫీ గ్లాసు ఒక క్షణం గాల్లో ఆగింది.

“పాట అక్కడితో అయిపోవాలి. కానీ జనం లేచి నిలబడి ‘ఇంకోసారి! ఇంకోసారి!’ అని ఒకటే గోల. ముసలాయన నాలుగో చుక్క పెట్టాడు. కాగితంలో చోటు లేక కిందున్న బల్ల చెక్కమీద పెట్టాడు. ‘వద్దు తాతా, అంత లోతున ఏముందో నీకు తెలీదు’ అన్నాను. వినలేదు. జనం వినలేదు. సరే, నేనేం చెయ్యను? దిగాను.”

 ఇంతసేపూ ఎగతాళి చేసిన టోగర్ కూడా ముందుకు వంగాడు.

“ఈ సరస్సు కింద ఏముంది? చెప్పండి! బళ్ళో పిల్లలకీ తెలుసు. అగ్నిపర్వతం! పడుకుని ఉంది. ఎన్ని వేల ఏళ్ళుగానో ఎవరూ లేపలేదు. నా నాలుగో చుక్క వెళ్ళి దాని వీపు మీద తట్టింది. అది ‘ఊఁ?’ అంది.”

“ఊఁ అందా!”

“నా స్వరంలోనే అంది, మామా, శ్రుతి కూడా తప్పకుండా. పక్కకి ఒత్తిగిలింది. నీళ్ళు బుడగలొచ్చాయి. ఆవిరి! సరస్సు సరస్సంతా పొయ్యిమీది చారులా తెర్లుతోంది. ఇందాకటి చేపలు నిలబడ్డవి నిలబడ్డట్టే ఉడికిపోయాయి. ఆడవాళ్ళు పసుపు తెచ్చేవాళ్ళు పసుపు, నాలుక తిమ్మిరెక్కించే మన కొండ మిరియాలు తెచ్చేవాళ్ళు మిరియాలు తెచ్చి ఒడ్డునే చల్లేస్తున్నారు. మగాళ్ళు కంచాలు పట్టుకుని వరస కట్టారు. పక్కన కొండలు ఊగుతున్నాయి, వీళ్ళకి కూర గొడవ! నేనొక్కణ్ణే ఆలోచించాను. లేపింది నేను, పడుకోబెట్టాల్సిందీ నేనే. ఉయ్యాల్లో మా రుమొందాంగ్‌కి పాడే జోల అందుకున్నాను. ఒక్కో చుక్కా తీసేస్తూ, నెమ్మదిగా, నెమ్మదిగా… అది ఆవులించింది. ఆ ఆవులింతకే అవతలి కొండమీద మబ్బులన్నీ కొట్టుకుపోయి చుక్కలు కనబడ్డాయి. ‘మళ్ళీ లేపవు కదా?’ అని అడిగింది. ‘లేపను’ అన్నాను. మాటిచ్చాను.”

మరుదుత్ గ్లాసు ఎత్తి గుక్కెడు తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు అసలు సంగతికొచ్చాడు.

“అదీ కథ! మన పాటలోనూ అయిదు కింద చుక్క ఉంది. ఒక్క చుక్కే, కాదనను. కానీ నా గొంతు ఒకసారి దిగిందంటే ఎక్కడ ఆగుతుందో నాకే తెలీదు. ఎల్లుండి జనమంతా సరస్సు ఒడ్డున ఉంటారు, పిల్లాపాపా ఉంటారు. ఎవరో ఏదో అన్నారని రోషపడి నేను క్వయర్ మానలేదు, బావా. భయపడీ మానలేదు. ఊరి క్షేమం కోసం మానాను!”

బిన్సర్ మామ కళ్ళొత్తుకున్నాడు. “ఇంత బరువు గుండెలో పెట్టుకుని మాకొక్క ముక్క చెప్పలేదేంరా? అయితే మేమూ వెళ్ళం. నువ్వు లేకుండా మేమేం పాడతాం?” మిగతావాళ్ళు తలలూపారు. గోడ గడియారం అయిదుకి దగ్గరపడుతోంది. తల ఊపనివాడు టోగర్ ఒక్కడే. అతను అరుగు వైపు చూస్తున్నాడు.

రొస్మావులి టీచర్ ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది. లేచి, తలుపు పక్కన కప్పు మోస్తున్న గుంజ వైపు తిరిగింది. లోపలికి చూడలేదు. గుంజతోనే మాట్లాడింది, బళ్ళో వెనక బెంచీకి వినబడే గొంతుతో.

“ఓ గుంజా, లోపలున్న పెద్దమనిషితో చెప్పు. అగ్నిపర్వతం హాయిగా నిద్రపోవచ్చట. అయిదు కింద చుక్క దగ్గర ఆయన నోరు తెరుస్తాడు గానీ గొంతు రాదు. ప్రాక్టీసు మొదలైన రోజు నుంచీ రాలేదు.”



“ఏరా?” అన్నాడు బిన్సర్ మామ మెల్లిగా. “పాడ్డం లేదా నువ్వు? నువ్వు పాడుతున్నావు కదా అని నేను ఊరికే నోరు తెరుస్తున్నానే!”

“నువ్వూనా మామా?” అన్నాడు టోగర్. “నేను మీ ఇద్దర్నీ నమ్ముకుని ఊరుకుంటున్నాను.”

మిగతా ఇద్దరూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. వాళ్ళని ఎవరూ అడగలేదు. అడగనక్కర్లేకపోయింది.

సొందాంగక్క గరిటె పట్టుకునే నవ్వు మొదలెట్టింది. “ఓరి మీ మొహాలు! చేపలు నయం కదర్రా, ఉడికాక కూరకైనా పనికొచ్చాయి!”

“గుంజా, ఇది కూడా చెప్పు,” అంది రొస్మావులి. ఈసారి గొంతులో బళ్ళో టీచరు లేదు. “ఆయన పాడితే నలుగురూ పాడతారు, ఆయన ఆపితే నలుగురూ ఆపుతారు. ఈ సంగతి ఆయనొక్కడితో చెప్పాల్సింది. చెప్పే వీలు నాకు లేదు. మొహం చూడకూడదు, పేరెత్తకూడదు. మధ్యలో ఎవరితోనైనా చెప్పించానా, ఊరంతా నవ్వుతుంది. అందుకని ఎవరి మీదా పడకుండా వరస మొత్తాన్నీ అన్నాను. అది నా తెలివితక్కువ. ఒకరి పరువు కాపాడబోయి అయిదుగురి పరువూ తీశాను. పెద్దాయన్ని, బిన్సర్ మామని కూడా అన్నాను. అది నాకు నిద్ర పట్టనివ్వలేదు.”

మరుదుత్ చెయ్యి గ్లాసు మీదే ఉంది, ఎత్తడం లేదు. 

“పాట శ్రుతిని నిన్న రెండు మెట్లు పైకెత్తాను. టెనర్లు గొంతు చించుకుంటున్నారు, చించుకోనీ. కాగితం మీద అంకెలు మారవు. అయిదు అయిదే, కింద చుక్క చుక్కే. కానీ ఇప్పుడది ఎవరి గొంతుకైనా అందుతుంది. చెప్పకుండా చేద్దామనుకున్నాను. ఆయన వస్తాడు, పాడతాడు, ఎవరికీ తెలీదు, ఆయనకి కూడా తెలీదు అనుకున్నాను. ఈయనేమో ఊరికి నిప్పంటుకుంటుందనే దాకా వెళ్ళాడు, నేనేం చెయ్యను?”

నవ్వొచ్చి టోగర్ కండువా నోటికడ్డం పెట్టుకున్నాడు.

“ఇంకొక్కటి, గుంజా. మన పాటలో కాపరుల దగ్గర ఆడవాళ్ళు ఆపేస్తారే, ఆ నిశ్శబ్దంలో ఏ క్షణాన అడుగు పెట్టాలో ఆ వరసలో తెలిసింది ఆయనొక్కడికే. నా మొహం చూడడు, చూసే వీలూ లేదు. అయినా ఒక్కసారీ ముందు పడలేదు, వెనక పడలేదు. ఆయన అడుగు పెడితే మిగతా నలుగురూ చొక్కా పట్టుకుని వెనకే వస్తారు. నిన్న ఆ చోట ఎవరూ లేరు. ఆడవాళ్ళు ఆపేశారు, తర్వాత వాన చప్పుడొచ్చింది. పిల్లలు నవ్వారు. ఎల్లుండి అన్ని ఊళ్ళ ముందూ అదే అవుతుంది. కోతలు ఎన్నైనా కొయ్యమను, వింటాను. కానీ ఆ ఖాళీలో నన్ను నిలబెట్టొద్దని చెప్పు.”

ఆవిడ గొడుగు అందుకుంది గానీ విప్పలేదు. వీపు తిప్పి అలాగే నిలబడింది.

అందరూ మరుదుత్‌ని చూశారు. అతను గుంజని చూశాడు. కాసేపు కప్పు చూశాడు. గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు. ఆ సవరించుకోవడంలో ఎక్కడో పాత మరుదుత్ లేచి కూర్చున్నాడు.

“గుంజా,” అన్నాడు, “ఆవిడ్ని అడుగు. రెండు మెట్లు పైకా?”

“పైకేనని చెప్పు, గుంజా.”

“మరి నా గొంతు పైకి వదిలితే ఏమౌతుందో ఆవిడకి తెలుసా? ఒకసారి కొండమీద అలా వదిలితే మబ్బు చిరిగింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏకధాటిగా వారం రోజులు వాన! పడవలు ఇళ్ళ కప్పులకి కట్టుకున్నారు! తర్వాత నన్ననొద్దని చెప్పు!”

అంటూనే లేచి కండువా భుజాన సర్దుకున్నాడు. బిన్సర్ మామ అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు. టోగర్ బజ్జీలు పొట్లం కట్టించుకుంటున్నాడు.

“అలాగే గుంజా,” అంది రొస్మావులి, గొడుగు విప్పుతూ. “అందర్నీ గొడుగులు తెచ్చుకోమను. అయిదింటికి.”